తినని చుట్టాలు

మా అప్పకు,

తమ్ముడు దానియేలు రెండు చేతులూ జోడించి రాసేది. ప్రభువు దయవల్ల ఇక్కడ నేను, కూతురు రాహేలు, మనవరాలు రూతు బాగున్నాం. నీ మోకాలి నొప్పి తగ్గిందా? బావ దగ్గు ఎలా ఉంది? నల్ల మేక ఈనిందా? నా గురించి దిగులు పడకు. నేను బాగానే ఉన్నాను.

సీతంపేట కొండ దిగి ఈ అరకులో కూతురింటికి వచ్చి ఏడాది కావస్తోంది గానీ, ఇక్కడి చలి ఇంకా ఒంటికి పట్టలేదు. పొద్దున్నే మంచులో వెళ్ళి చర్చి తలుపులు తీసి, ఊడ్చి, గంట కొడతాను. అదే నా పని. ఇక్కడ కొన్న చీపుళ్ళు ఊరికే రాలిపోతున్నాయి. ఎవరైనా ఇటు వస్తే మన కొండచీపురు కట్టలు పంపు. తిండికి లోటు లేదు. మాటకే లోటు. మన సవర మాట ఇక్కడ ఒక్కరికీ రాదు, రాహేలు కూడా మరిచిపోయింది. ప్రార్థనలో దేవుడితోనే మాట్లాడుకుంటున్నాను.

వలిసెలు పూశాయి. పట్నం వాళ్ళు కార్లలో వచ్చి ఆ పసుపు చేలల్లో దొర్లి ఫొటోలు తీసుకుంటున్నారు. ఒకడి నూనె గింజ తొక్కుతున్నామన్న బుద్ధి లేదు. వాళ్ళే నయమనిపించే మనుషులు పోయిన ఆదివారం వచ్చారు. అది చెప్పుకోవాలనే ఈ ఉత్తరం.

ఆ రోజు చర్చిలో పంట అర్పణ. పరాయి దేశం నుంచి దొర, దొరసాని వస్తున్నారని పాస్టరు గారు ముందే చాటించారు. తమ దేశంలో చర్చి పిల్లలకు వేరే దేశం పిల్లల బతుకు చూపించే పుస్తకం వేస్తున్నారట. నాకూ సంతోషమే అయింది. మంచిదే కదా, పిల్లలకు పిల్లలు తెలియాలి అనుకున్నాను.

వచ్చారు. వాళ్ళ కూడా తర్జుమా చెప్పే విశాఖపట్నం ఆవిడ. పుస్తకంలో ఫొటోకు వాళ్ళకు మన రూతు ముఖం నచ్చిందట. ముందు చెప్పులు విప్పమన్నారు. తర్వాత ఎర్ర స్వెట్టరు విప్పమన్నారు. ఆ చలిలో!

"ఏటికమ్మా?" అంది రాహేలు.

"అక్కడి పిల్లలకు అర్థం కావాలి కదండీ" అంది తర్జుమా ఆవిడ.

చలికి వణికితే తప్ప అర్థం కాని పిల్లలేం పిల్లలో. పాస్టరు గారు నవ్వుతూ ఆ స్వెట్టరు మడతపెట్టి తానే పట్టుకున్నారు. చెప్పులు నేను పట్టుకున్నాను. నేనెప్పుడు నోరు తెరిచాను గనక.

తర్వాత భోజనాలు. సామల అన్నం, కోడి కూర, గుమ్మడికాయ పులుసు. మన దగ్గరలాగే ఇక్కడా చుట్టం మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేదాకా పిల్లలు తినరు. ఖాళీ అడ్డాకు విస్తర్లు పట్టుకుని దొరల వంక చూస్తూ నిలబడ్డారు. ఆ చూపు వాళ్ళకు ఆకలి చూపులా కనిపించింది. దొరసాని మోకాళ్ళ మీద కూర్చుని రూతు విస్తరిని, ముఖాన్ని కెమెరాతో తీసింది, తీసింది. దొర కళ్ళు తుడుచుకున్నాడు. ఏడవడానికి తీరిక ఉంది, ఒక ముద్ద తినడానికి లేదు.

రూతు నా దుప్పటి లాగింది. "తాతా, ఈలెప్పుడు తింతారు? ఆకలేత్తంది."

"ఒలే గుంటా, ఒక్కరవ్వ ఆగు" అన్నాను.

రాహేలు రెండు విస్తర్లు వడ్డించి తెచ్చింది. తర్జుమా ఆవిడ చేత్తో వెనక్కి నెట్టింది. "వీళ్ళు బయట తినరండి. కారులో తినేసే వచ్చారు. పిల్లల్ని అలాగే ఉండమనండి, ఫేస్‌లు చాలా బాగా వస్తున్నాయి."

పాస్టరు గారు మైకు అందుకున్నారు. "తిండి లేని మన పిల్లల కోసం ఆ దేశం పిల్లలు ఈ బొమ్మ చూసి ప్రార్థన చేస్తారు, హల్లెలూయ!" తిండి లేని పిల్లట మన రూతు. పక్కనే గుండిగలో కూర పొగలు కక్కుతోంది. ప్రభువు జనాన్ని గడ్డిమీద కూర్చోబెట్టి ముందు అన్నం పెట్టాడు గానీ, నిలబెట్టి ముఖాలు చూడలేదు.

అప్పా, నాకు నలుగురిలో మాట రాదని నీకు తెలుసు. నా పెళ్ళిలో కూడా అన్నిటికీ నువ్వే జవాబు చెప్పావు. కానీ ఆ వేళ లేచాను. దొరసానికీ రూతుకీ మధ్య నిలబడి, "కూకోండర్రా, తినీండి. ఈలు సుట్టాలు కారు" అన్నాను.

వడ్డించేవాళ్ళ గరిటెలు ఆగిపోయాయి. పగవాడు గుమ్మంలోకి వచ్చినా మనం అనే మాట కాదది. పెద్దలు తలలు దించుకున్నారు. పిల్లలు మాత్రం కూర్చున్నారు. రాహేలు పాస్టరు గారి చేతిలోంచి స్వెట్టరు లాక్కుని రూతుకు తొడిగింది. పిల్లలు వేళ్ళు నాక్కుంటూ తింటుంటే దొరసాని కెమెరా మూసేసింది. నిండిన విస్తరి వాళ్ళ పుస్తకానికి పనికిరాదు కాబోలు.

ముసలాయన ఏమన్నాడని ఆమె అడిగిందట. మీకు దండాలు చెబుతున్నాడు అందట తర్జుమా ఆవిడ. రూతుకు బళ్ళో నేర్చిన ఇంగ్లీషు ఉంది, అది విని చెప్పింది. ఇద్దరూ నాకు నమస్కారం పెట్టి మరీ వెళ్ళారు. అంతమాత్రపు మనుషులు.

ఆ ఫొటో తీసేయమని రాహేలు చేత పాస్టరు గారిని అడిగించాను. కుదరదట, పైఅట్టకు అదేనట. ఇక మన రూతు ఆ దేశమంతా ఆకలి పిల్లగా తిరుగుతుంది. అక్కడి పిల్లలు నిండు కంచాల ముందు కూర్చుని జాలిపడతారు. పడనీ. ఈ పిల్ల ఆగింది మీ పెద్దవాళ్ళు తినాలనే అని వాళ్ళకు చెప్పేవాడు లేడు. పాపం, వాళ్ళ కోసం నేనే సవరలో ప్రార్థన చేస్తున్నాను.

పాస్టరు గారు నాతో మాట్లాడడం లేదు. గంట మాత్రం నేనే కొడుతున్నాను. దిగులు పడకు. నేను బాగానే ఉన్నాను.

బావకు, మన సంఘం పెద్దలకు నా వందనాలు. నీ చెయ్యి నా తలమీద ఉందనుకుని పడుకుంటున్నాను, అలాగే ఉంచు. మోకాలు కుదుటపడితే ఒక్కసారి రా. రూతు విస్తరి పట్టుకుని నీ ముందు నిలబడుతుంది. నీకు ప్రార్థన పొడుగు. ఆ పూటకు కాస్త తగ్గించి, మొదటి ముద్ద బేగి నోట్లో పెట్టుకో.

నీ తమ్ముడు
దానియేలు