ఆసిలేటర్ మీద తడిగుడ్డ

ఆదివారం, తిరుమణి

నేను సొంతంగా చేసుకుంటున్న ఎలక్ట్రానిక్ వాయిద్యం, సింథసైజర్‌లో స్వరం పుట్టించే మొదటి ఆసిలేటర్ ఎట్టకేలకు పలికింది. కాసేపు వేడెక్కితే స్వరం నిలబడుతుందని, పొద్దున దాన్ని మోగుతుండగానే వదిలి సోలార్ పార్కుకు డ్యూటీకి వెళ్లాను. సాయంత్రం వచ్చేసరికి అవ్వ దాని మీద తడిగుడ్డ కప్పి పెట్టింది!

"నీళ్లు తగిలితే పాడైపోతుందవ్వా!" అని అరిచాను.

"రేకుల వేడికి దాని గొంతు పైపైకి పోతాండాదిప్పా. వడదెబ్బ తగిలిన గొర్రెపిల్లకు కప్పినట్ల కప్పినా. రోంత తగ్గింది."

అదృష్టం, ఏమీ కాలేదు. వేడికి శ్రుతి మారకుండా ఏం చేయాలో అడుగుదామంటే ఈ చుట్టుపక్కల ఒక్క మనిషి లేడు. ఆ చిరాకంతా ఆమె మీద చూపించాను. సోలార్ పార్కుకు భూమి లీజుకిచ్చి గొర్రెల్ని అమ్మేశాక పగలంతా ఆమెకు మాత్రం ఎవరున్నారు?

పడుకోబోతూ స్విచ్ ఆపాను. చీకట్లోంచి అవ్వ గొంతు వినిపించింది.

"ఆపేస్తివా? ఉండనీప్పా. పక్కన ఏందో ఉన్నట్లుండె."

సౌండ్ బాగా తగ్గించి మళ్లీ వేశాను. ఆమె నిద్రపోయింది. రేకులు చల్లబడేకొద్దీ స్వరం మెల్లగా కిందికి జారుతోంది. సరిచేయాలనిపించడం లేదు. ఊరికే వింటూ కూర్చున్నాను...