పెరట్లోని ఎముకల సంచి

పుష్యమాసం, గురువారం. అమీర్‌పేట.

మా నరహరి డాక్టరు చదువు కోసం కాలేజీ నుంచి తెచ్చుకున్న ఎముకల సంచి కోసం ఇవాళ వాడి స్నేహితుడు వచ్చాడు. "కాలేజీల తిరిగి ఇయ్యాలె అమ్మా," అన్నాడు.

"చచ్చినోళ్ల బొక్కలు ఇంట్లకు తేకు బిడ్డా" అని నా కొడుకును పెరట్లో కూర్చోబెట్టింది నేనే. ఆస్పత్రి డ్యూటీ చేసి అలసిపోయి వచ్చి, తాను నాటిన వింత మొక్కల మధ్య చదువుతూ ఆ చలిలోనే నిద్రపోయేవాడు. తెల్లని వెంట్రుకలున్న జెముడును చూపి, "గిది నానమ్మ లెక్కనే ఉన్నదమ్మా, జర దువ్వెన ఇయ్యి" అని నవ్వించేవాడు. ఆ చలే రొమ్ములో చేరి, పది రోజుల్లో వాణ్ణి తీసుకుపోయింది.

"రేపు రా బిడ్డా" అని స్నేహితుణ్ణి పంపించేశాను. అతను వెళ్లాక ఆ సంచిని నేనే ఇంట్లోకి తెచ్చాను. నరహరి పడుకునే చాప మీద పెట్టి, గొంగడి కప్పాను.