పచ్చ సిరా అడ్రసు

తారీఖు 3

మీ షెడ్డు నా కవర్లు రెండు మింగేసింది. ఒకటి పోతే సరేలే అనుకున్నాను. వారం తిరక్కుండా రెండోదీ పోయింది. కొన్నవాళ్ళిద్దరూ "సరుకు అందలేదు" అని ఆన్‌లైన్ బజారులో ఫిర్యాదు పెట్టారు. మూడోది పడిందంటే నా దుకాణం మూసేస్తారు. మళ్ళీ తెరవనివ్వరు.

అన్నా, ఇది ఎవరి సలహా? నీదే. "గుండీ ఎంత, దానికి పార్సిలేంటి, సరుకు కన్నా తపాలా ఖర్చే ఎక్కువవుతుంది, ఉత్తరంలా పంపెయ్" అన్నావు. ఉత్తరాలు సార్టింగ్ చేసే షెడ్డులోనే పనిచేస్తున్నావు కదా అని నమ్మాను. నువ్వు చెప్పినట్టే గుండీల్ని ఒకదాని మీద ఒకటి పేర్చకుండా అట్టముక్క మీద పక్కపక్కన కుట్టి, పైన ఇంకో పల్చటి అట్ట వేసి, సన్న కవర్లో పెట్టాను. ఐదు నెలలు ఒక్కటీ పోలేదు. ఇప్పుడేం రోగం?

పగలంతా చొక్కాల ఫ్యాక్టరీలో కాజాలు కుట్టి వస్తాను. వచ్చాక మంచం మీద పాత దుప్పటి పరుచుకుని చెక్కముక్కల్ని ఆకురాయితో గుండీలుగా అరగదీస్తాను. పాత కోటుకి ఒక్క గుండీ పోయి, దానికి జత ఎక్కడా దొరకనివాళ్ళు నా దగ్గరికి వస్తారు. ఈ పని నాకెవరూ నేర్పలేదు. నా వేళ్ళు నేనే చెక్కుకుని నేర్చుకున్నాను. ఫ్యాక్టరీ నుంచి బయటపడటానికి నాకున్న తలుపు ఇదొక్కటే. దాన్ని మీ షెడ్డు మూస్తానంటే ఊరుకోను.

ఫోన్ చేస్తే డ్యూటీలో ఉన్నానని పెట్టేస్తావు. కాగితాన్ని పెట్టేయలేవు కదా. జవాబు రాయి.

ఇట్లు, కోపంతో,
నీ చెల్లెలు


తారీఖు 5

ప్రియమైన మిరపగింజకి,

నీ ఉత్తరం చదువుతుంటే నా మొహం చూసి మా గదిలో పక్క మంచం వాడు "ఎవరైనా పోయారా" అని అడిగాడు. లేదు, మా చెల్లి బతికే ఉంది, బాగా బతికి ఉంది అన్నాను.

మా యంత్రం సంగతి విను. రెండు రోలర్ల మధ్య కవర్లు పరిగెడుతుంటాయి. కాగితమైతే వంగుతుంది. గుండీ వంగదు. వంగనిదాన్ని రోలరు కొరుకుతుంది. కవరు చినిగిపోయి గుండీ ఏ మూలకో ఎగిరిపడుతుంది. ఖాళీ కవరు ఎప్పటికో పంపినవాళ్ళకి తిరిగొస్తుంది. మరి ఐదు నెలలు ఎలా వెళ్ళాయంటావా? అదృష్టం అనుకో.

ఒక్కటి మాత్రం నిజం చెప్పు. ఈ మధ్య ఏమైనా మార్చావా? అట్టా, కవరా, అడ్రసు రాసే పద్ధతా? చిన్న విషయమే కదా అని వదిలేయకు.

వేళకి తిను. జవాబు తొందరగా రాయి.

నీ అన్న


తారీఖు 7

అన్నా,

అదృష్టమా? స్కేలు పెట్టి మందం కొలిచి, వంటింటి త్రాసు మీద తూచి, తలుపు సందులో దూర్చి చూసుకుని మరీ పంపాను. అది నా పనితనం. దానికి అదృష్టమని పేరు పెట్టకు.

మార్చింది అడ్రసు ఒక్కటే. "మీ రాత కోడి కెలికినట్టుంది" అని ఒకావిడ దుకాణం కింద అందరికీ కనబడేలా రాసింది. తల కొట్టేసినట్టయింది. సెకండ్‌హ్యాండ్‌లో ప్రింటరు కొన్నాను. ఇన్నాళ్ళూ అడ్రసులు రాసిన పచ్చ సిరా పెన్ను పారేశాను. ఇప్పుడు నా కవరు పెద్ద కంపెనీ నుంచి వచ్చినట్టు ఉంటుంది. రాత బాగుపడితే కవరు పోతుందా? ఇదేం ప్రశ్న?

ఎక్కడుందో తెలిసేలా నంబరు వేసి పంపమని మాత్రం అనకు. ధర రెండింతలైతే ఎవడు కొంటాడు.

మూడో కవరు రేపు పొద్దున వీధి చివర పోస్టు డబ్బాలో వేస్తున్నాను. బ్యాండులో బాకా ఊదే ఆయన యూనిఫాం కోటుకి ఆరు గుండీలు. పద్దెనిమిదిన ఆయన కచేరీ. కోటు సరిగా లేకపోతే వేదిక ఎక్కనివ్వరట. ఇదీ పోయిందంటే ఆయన వేదికా పోతుంది, నా దుకాణమూ పోతుంది. నిన్న ఫ్యాక్టరీలో ఒకే చొక్కాకి రెండుసార్లు కాజాలు కొట్టి తిట్లు తిన్నాను.

నీ షెడ్డు మీద ఓ కన్నేసి ఉంచు.

నీ చెల్లెలు


తారీఖు 11

చెల్లికి,

కవరు వెళ్ళింది. నా కళ్ళతో చూశాను. భయపడకు.

పెన్ను బాగాలేదు. అక్షరాలు వంకర పోతున్నాయి, ఏమనుకోకు.

ఇకమీద ఉత్తరంలా పంపొద్దు. అట్టడబ్బాలో పెట్టి పంపు. ఫోన్ చెయ్యకు, నా డ్యూటీ మారింది.

అన్న


తారీఖు 19

ఐదు నెలలు నాకు అబద్ధం చెప్పావు. ఆరో నెలలో ఇంకా పెద్దది చెప్పావు.

బాకా ఆయనకి గుండీలు అందాయి. నిన్న కోటు వేసుకుని వాయించాడట. దుకాణం బతికింది. అందినట్టు ఆయన కవరు ఫొటో పంపి, "మూలన ఈ గోధుమరంగు మరకేంటమ్మా, వార్నిషా?" అని అడిగాడు. నేను వార్నిషు వాడను. ఆ కవరు మీద రెండు స్టాంపులున్నాయి. నేను అంటించింది ఒకటే.

ఇదివరకు కొన్నవాళ్ళు పెట్టిన ఫొటోలన్నీ తిరగేశాను. కవరు కనబడే ప్రతి ఫొటోలోనూ రెండేసి స్టాంపులు. పోయిన రెండింటిలో ఒకటి మొన్న చినిగి, ఖాళీగా నా దగ్గరికే తిరిగొచ్చింది. దాని మీద ఒకటే ఉంది.

అవన్నీ, గుండీలు పెట్టిన కొత్త కవరొకటీ పట్టుకుని పోస్టాఫీసుకి పోయాను. కౌంటరావిడ కవరు పిసికి చూసి, "ఇది ఉత్తరమా, రాళ్ళ మూటా?" అంది. గట్టి వస్తువున్న కవరుకి ఇంకో చిన్న స్టాంపు అంటిస్తే యంత్రంలో వేయకుండా చేత్తో వేరు చేస్తారట.

"నాకెవరూ చెప్పలేదే" అన్నాను.

"నువ్వు అడిగావా?"

"మా అన్న సార్టింగ్ షెడ్డులోనే పనిచేస్తాడండీ."

ఆవిడ కళ్ళద్దాలు పైకి తోసుకుంది. "అయితే నీకు తెలిసే ఉండాలే. తొమ్మిదో తారీఖున అక్కడెవరో తిరుగుతున్న రోలర్లో చెయ్యి పెట్టాడట. కవరేదో లాగబోయాడట. ఏం బంగారం ఉందో అందులో."

అందులో ఉన్నవి గుండీలు. కవర్లు ఏరుకుని సంచిలో వేసుకున్నాను.

పచ్చ సిరా కనబడగానే నా కవరు పక్కకి తీసేవాడివి. నీ జేబులోంచి స్టాంపు అంటించి, చేత్తో వేరు చేసే ఉత్తరాల సంచిలో వేసేవాడివి. నేను పెన్ను పారేసిన రోజు నుంచి నా కవరు నీకు వేల కవర్లలో ఒకటైపోయింది. తొమ్మిదిన అచ్చు అడ్రసుల్లో నాది వెతుక్కుంటూ నిలబడ్డావు. కనబడేసరికి అది రోలరు దాకా వెళ్ళిపోయింది. చెయ్యి నలిగాక కూడా ఆ రెండో స్టాంపు అంటించావు. వంకరగా అంటించావు.

మొదట్లోనే ఇంకో స్టాంపు కావాలని చెబితే నేనేమనేదాన్నో నీకు తెలుసు. నువ్వూ ఖర్చు పెంచేవాడివే అని కరిచేదాన్ని. చెల్లి చేత కరిపించుకోవడం ఇష్టం లేక రోలరు చేత కరిపించుకున్నావు. ఎంత తెలివి నీది. నేను చూడు, నా పనితనం, నా పనితనం అని ఐదు నెలలు విర్రవీగాను.

ఇవాళ్టి నుంచి గుండీలు ఎక్కువుంటే అట్టడబ్బాలో, నంబరు వేసి పంపుతాను. వారానికోసారి అన్నీ కలిపి ఇస్తే ధర తగ్గుతుందని ఆవిడే చెప్పింది. ఒక్క గుండీ అడిగినవాళ్ళకి రెండో స్టాంపు నేనే అంటించి కౌంటర్లో ఇస్తాను. కొత్త పచ్చ పెన్ను కొన్నాను. కోడి కెలికినా సరే, చేత్తోనే రాస్తాను.

ఇక నాకు కావలసింది. ఏ చెయ్యి? ఎన్ని వేళ్ళు? డాక్టరు ఏమన్నాడు? పనిలో ఉంచారా, తీసేశారా? నాలుగు ప్రశ్నలకి నాలుగు జవాబులు. ఎడమచేత్తో రాయి, లేదా పక్క మంచం వాడితో రాయించు. పెన్ను బాగాలేదని మాత్రం ఇంకోసారి రాశావంటే ఆ కాగితం నీ చేతే తినిపిస్తాను.

ఈ ఉత్తరం నంబరు వేసి పంపుతున్నాను. అందలేదని తప్పించుకోలేవు. తీసుకునేటప్పుడు సంతకం పెట్టాలి, అది ఏ చేత్తో పెట్టావో నాకు తెలిసిపోతుంది. శుక్రవారం సాయంత్రం లోపు జవాబు నా చేతిలో ఉండాలి. లేకపోతే శనివారం తొలి బస్సుకి నేనే వస్తాను.

శుక్రవారం దాకా,
నీ మిరపగింజ