నువ్వు దగ్గని రోజు

నాన్నా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. నువ్వు చేరమని పోరిన అంతర్జాతీయ వాణిజ్య విధానం శిక్షణలో ఇన్నాళ్ళకు చేరాను. ఈ మాట ముందు నీకే చెప్పాల్సింది.

ఇవాళ క్లాసులో ఒక్కొక్కరం ఒక్కో దేశం తరఫున కూర్చుని బేరాలాడాం. నిజంగా దేశాలు కూర్చునే అలాంటి చర్చల్లో మామూలుగా ఓట్లు పెట్టరట. హాజరైనవాళ్ళెవరూ కాదనకపోతే అందరూ ఒప్పుకున్నట్టేనని మేడమ్ చెప్పారు. "మరి రానివాళ్ళో?" అని అడిగాను. వాళ్ళ మౌనమూ ఒప్పుకోలు కిందే లెక్కట.

మనింట్లోనూ అంతే కదా. నువ్వు రైల్వే వర్క్‌షాపు నుంచి వచ్చి కుర్చీలో కూర్చుంటే అమ్మ ఏదైనా అడిగేది. దగ్గావంటే వద్దన్నట్టు, ఊరుకున్నావంటే సరేనన్నట్టు.

సాయంత్రం మన తాల్‌బగీచాలో ఆటో దిగి ఇంటికొచ్చేసరికి అమ్మ నీ సైకిలు తుడుస్తోంది.

"తుప్పట్టిపోతంది. రేపు ప్రార్థనకి పాస్టరుగారొత్తారు గదా, చర్చికి ఇచ్చీద్దాం. నువ్వేటంటావే?" అంది.

అమ్మ నీ కుర్చీ వైపు తిరిగి, అలవాటు ప్రకారం కాసేపు ఆగింది. నేనూ ఆగాను. దూరంగా ఏదో గూడ్సు బండి వెళ్ళిపోయింది.

"మీ నాన్న దగ్గనేదు," అంది అమ్మ. "ఇచ్చీద్దాం."