మాడే కాయిలు, ఊగే తల

ఆవిరి సిగరెట్ల కొట్టు గొర్డానా గారికి,

క్యుస్తెందిల్ చర్చి వెనక వీధి నుంచి స్టాంక రాసేది. దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి. ఎదురుగా నిలబడితే అనుకున్నది అడగలేను, అందుకే కాగితం పట్టాను.

మా ఆయన రాంగెల్ మానలేక మానలేక సిగరెట్లు మాని, మీ దగ్గర ఆవిరి పీల్చే యంత్రం కొన్నారు. సంతోషమే. కానీ అందులో రసాన్ని వేడిచేసి ఆవిరి చేసే తీగచుట్ట, అదే మీరనే కాయిలు, పెట్టిన రెండో రోజుకే మాడిపోతోంది. చెర్రీ రుచి రావాల్సిన చోట కాలిన గుడ్డ రుచి వస్తోందట. వెంటనే మీ కొట్టుకు పరుగు. "గొర్డానా చేత్తో పెడితే చెర్రీ చెర్రీలా ఉంటుందే, ఇంటికొస్తే అన్నీ మాడిపోతాయి" అంటున్నారు. పెళ్లయిన నాటి నుంచీ ఆయనకు నేనే వండుతున్నాను. మిరపకాయలు తప్ప ఏవీ మాడ్చలేదు. అవి మాడాలి కాబట్టి మాడ్చాను.

ఆ కాయిలు ఇంట్లోనే బాగుచేసుకునే ఉపాయం రాయండి.

ఇట్లు,
స్టాంక

తా.క.: మీ కొట్టుకు బయల్దేరే ముందు ఆయన గడ్డం గీసుకుంటున్నారు. చర్చికి గీసుకోరు.

*

స్టాంక గారికి నమస్కారం.

తప్పు నా సరుకులో లేదండి, మీవారి తొందరలో ఉంది. కొత్తది చేతికి రాగానే ఆగలేరు. కాయిలు లోపలి దూది రసంలో బాగా నానేదాకా ఓపిక పట్టాలి. మొదట వేడి తక్కువ పెట్టి, మెల్లగా పెంచాలి. అదే పనిగా లాగకూడదు. ఇదంతా పక్కన కూర్చోబెట్టుకుని ఎన్నిసార్లు చూపించానో. తీపి రసం ఎక్కువైతే కాయిలుకు జిగురు పడుతుంది, తగ్గించమన్నాను. "తీపి లేకపోతే ఇంత దూరం ఎందుకొస్తాను" అని నవ్వారు. మంచి మనిషి.

ఉంటాను,
గొర్డానా

తా.క.: గడ్డం లేకుండానే బాగుంటారు. మానవద్దని చెప్పండి.

*

గొర్డానాకు,

'గారు' ఎక్కడికి పోయిందో నీకే తెలుసు. నిన్న సాయంకాలం ప్రార్థన అయ్యాక నీ కొట్టు గుమ్మంలోకి వచ్చాను. దేవుడిచ్చిన ధైర్యంతో "అమ్మాయీ, నా మొగుడి మీద నీకు మనసుందా?" అని అడిగాను. నువ్వు నా కళ్లలోకి చూసి నవ్వుతూ తల అడ్డంగా ఊపావు. అడ్డంగా ఊపితే అవునని ఈ ఊళ్లో పసిపిల్లకు కూడా తెలుసు. ఒప్పుకునే ముందు కాస్తయినా సిగ్గుపడతావనుకున్నాను.

ఇంటికొచ్చి ఆయన్ని అడిగితే తల పైకీ కిందికీ ఆడించి, లేదే లేదన్నారు. ఇద్దరిలో ఎవరో ఒకరిది అబద్ధం. నా కాపురం ఏమవుతుందో ఆ తల్లి మరియమ్మకే తెలియాలి.

స్టాంక

తా.క.: నీ బుద్ధి మారాలని కొవ్వొత్తి వెలిగించాను. కోపంలో చర్చిలో బతికున్నవాళ్ల కోసం పెట్టే వరుసలో కాక చనిపోయినవాళ్ల వరుసలో గుచ్చాను. తీయబుద్ధి కాలేదు.

*

స్టాంక వదినకు,

నేను ఈ ఊరి మనిషిని కాను. సరిహద్దు అవతల, సెర్బియాలోని నీష్ నుంచి మొన్న వేసవిలో వచ్చాను. మా వైపు తల అడ్డంగా ఊపితే లేదని, నిలువుగా ఊపితే అవునని. మీ భాష నా నోటికి వచ్చింది గానీ మెడకు రాలేదు. నాకు మీ ఆయన మీద మనసు లేదు. ఇది రాస్తున్నప్పుడు తల ఎటూ ఊపలేదు.

ఇంకో సంగతి ఇప్పుడే వెలిగింది. "మీరు వాడేది పల్చటి రసమేనా?" అని ప్రతిసారీ అడిగాను. ఆయన తల నిలువుగా ఊపేవారు. కాదంటున్నారని నాకేం తెలుసు? పల్చటి రసానికి సరిపోయే సన్న బెజ్జాల కాయిలే ఇస్తూ వచ్చాను. ఆయన పోసేది చిక్కటి రసం. అది దూదికి అందక, దూది ఎండి మాడిపోయింది. పాపం, ఆయన తొందరపడలేదు. పెద్ద బెజ్జాలవి పంపుతున్నాను.

మీ గొర్డానా

తా.క.: ఆ కొవ్వొత్తి వరుస మార్చండి వదినా. అప్పటి నుంచి మోకాలు నొప్పిగా ఉంది.

*

గొర్డానా చెల్లికి,

కాయిలు నేనే బిగించాను. మా ఇల్లంతా చెర్రీ తోటలా ఉంది. ఆయన గడ్డం మళ్లీ పెరుగుతోంది, నా మనసు కుదుటపడింది. రేపు కాఫీ కాచి తెస్తాను. ఆ దూది మార్చడం కూడా నేర్పు.

అక్క స్టాంక

తా.క.: కొవ్వొత్తి మార్చాను. ఫాదర్ ఎందుకని అడిగితే, "బతికే ఉందండీ" అన్నాను.

*

గొర్డానా గారికి,

రాంగెల్ రాసేది. మా ఆవిడ రోజూ మీ కొట్టుకే వస్తోంది. దూది కోసమట. ఇప్పటికే ఇంట్లో పరుపు కుట్టేంత దూది ఉంది. బయల్దేరే ముందు పగడాల దండ వేసుకుంటోంది. ఇంటికొచ్చాక కూనిరాగాలు. నేను కాఫీ అడిగితే "తొందరెందుకు, నానాలి" అంటోంది.

నిన్న ఉండబట్టలేక "అక్కడ మగవాళ్లెవరైనా కూర్చుంటారా?" అని అడిగాను. నవ్వుతూ తల పైకీ కిందికీ ఊపింది. అది మా లేదో, మీ అవునో తెలియక రొట్టె గొంతు దిగడం లేదు.

ఇట్లు,
రాంగెల్

తా.క.: మీరిచ్చిన కాయిలు అసలు మాడడం లేదు. త్వరగా మాడేది ఒకటి ఇప్పించండి. కొట్టుకు రావడానికి నాకో కారణం కావాలి.