ఏంజెలిన్ మార్కుల జాబితాలో ఉన్న మాట

తేదీ: 12-05-2025
రేవుకాలువపాలెం, మైపాడు దగ్గర.

గౌరవనీయులైన జిల్లా విద్యాశాఖాధికారి గారి సముఖమునకు, పై గ్రామ కాపురస్తుడు, కృపాదానం కుమారుడు, చేపల వేట వృత్తిగా గల సమాధానం అను నేను వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: నా కుమార్తె ఏంజెలిన్ పదో తరగతి మార్కుల జాబితా నుండి 'ఫెయిల్' అన్న మాట తొలగించుట, పరీక్షలకు చదివే పిల్లల ఆరోగ్యం కనుక్కొనే ఏర్పాటు చేయించుట గురించి.

నాకు ఏడో తరగతి వరకే చదువు. మా మత్స్యకార సంఘం వారి పాత అర్జీ ఒకటి ముందు పెట్టుకొని వ్రాయుచున్నాను. తప్పులుంటే మన్నించవలెను.

1. జనవరి నుండి మా పాఠశాల వారు పదో తరగతికి ఉదయం ఏడు మొదలు సాయంత్రం ఆరు వరకు ప్రత్యేక తరగతులు నడిపినారు. ఆదివారం కూడా సెలవు లేదు. బడికి నూటికి నూరు శాతం రావలెనని, పరీక్షలు అయ్యేవరకు ఎవరూ మానరాదని తల్లిదండ్రుల సమావేశంలో చెప్పినారు. నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టినాను. ఈ సంగతి దాచను.

2. ఏంజెలిన్ పాత ప్రశ్నపత్రం ఒకటి తీసుకొని, గోడ గడియారం దించి పక్కన పెట్టుకొని, ఆ సమయం లోపల రాసేది. తప్పిన లెక్క మరునాడు ఉదయం మళ్లీ చేసేది. చదివిన పాఠాన్ని తన స్నేహితురాలు, రైతు హజరత్తయ్య గారి అమ్మాయి బిందుకు చెప్పి చూసేది. చెప్పలేకపోతే అది తనకు రానట్టే లెక్క. నా భార్య మగ్దలీనమ్మ కట్టిచ్చిన అన్నం సగం వెనక్కి వచ్చేది. చదువులో పడి మరిచిపోయిందనుకొన్నాము.

3. మార్చిలో ఇంగ్లీషు పరీక్ష శుక్రవారం, లెక్కలు సోమవారం. ఆ సోమవారం వేటకు పోకుండా నా బండి మీద నేనే తీసుకుపోయినాను. నా వీపుకు ఆనుకొన్న బిడ్డ చెంప కాలిపోతున్నది. బండి ఆపినాను.

"జరమా అమ్మా?"

"లేదు నాయనా, ఎండ."

ఎనిమిదింటికి అంత ఎండ ఏమిటని నాకు తోచింది. తోచినా పోనిచ్చినాను. "ఈ వారం ఓర్చుకోమ్మా, తర్వాత కావలసినంత పడుకుందువు" అన్నాను. అయ్యా, ఈ మాట అన్నది నేనే.

4. పేపరు ఇచ్చి లేచి నిలబడి పడిపోయినదని మధ్యాహ్నం ఫోను వచ్చింది. ఆటోలో నెల్లూరు తీసుకుపోయినాము. డెంగీ అన్నారు, చాలా ఆలస్యం చేశారన్నారు. బుధవారం, తోటి పిల్లలు సైన్సు పరీక్ష రాయుచుండగా, చనిపోయినది.

5. సమాధి అయిన మరునాడు బిందు వచ్చి మా గడప మీద కూర్చున్నది.

"మామా, శుక్రవారం నుంచే జరం దానికి. మీకు చెప్తానంటే వద్దనింది. చెప్తే ఆపేస్తారు, ఏడాది పోతాది అనింది. మాత్రలు నేనే తెచ్చిచ్చినా మామా."

మగ్దలీనమ్మ ఆ పిల్లను దగ్గరకు తీసుకొని, "నువ్వేం చేస్తావు తల్లీ, నువ్వూ బిడ్డవే గదా" అనింది. ఏడాది పోతుందని నేనూ అనుకొన్నాను.

6. ఏప్రిల్ నెలాఖరున నా ఫోనుకు బడి నుండి మెసేజి వచ్చింది. నా చిన్న కుమార్తె ఫేబీ చదివింది: "మీ పాప రెండు సబ్జెక్టులలో ఫెయిల్. మే నెలలో సప్లిమెంటరీ పరీక్షలు కలవు. ప్రత్యేక తరగతులకు తప్పక పంపవలెను." చదివి ఫోను నా చేతిలో పెట్టి లోపలికి పోయింది.

నేను బడికి పోయి అడిగినాను. జబ్బు చేసి పరీక్షకు రాలేని పిల్లలు కూడా మేలో రాసుకోవచ్చుననీ, ఏడాది పోదనీ అక్కడి అయ్యవారు ఒకరు చెప్పినారు. జనవరి సమావేశంలో ఈ ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆ సోమవారం బండి వెనక్కి తిప్పి ఉందును.

7. తెలుగు 94, హిందీ 81, ఇంగ్లీషు 90, లెక్కలు 87. లెక్కలు జ్వరంతో రాసినవి. రాయని సైన్సు, సోషలు రెండింటికి ఫెయిల్ అని వేసినారు.

కావున ఆ మాట తీసి, పరీక్షల మధ్యలో మరణించినదని వ్రాయించవలెను. ప్రతి ఉదయం పుస్తకం తెరవక ముందు తిన్నావా, నిద్రపోయినావా, ఒళ్లు బాగుందా అని పిల్లలను ఒకరు అడిగేటట్లు ఉత్తర్వులు ఇవ్వవలెను. జ్వరమొస్తే ఇంట్లో ఉండవచ్చుననీ, మళ్లీ రాయవచ్చుననీ ప్రతి ఇంటికీ కాగితం మీద తెలుపవలెను. జూన్‌లో ఫేబీ పదో తరగతికి వచ్చును. ఎవరినీ శిక్షించమని అడగడం లేదు. అడిగితే ముందు నా పేరే వ్రాయవలసి వచ్చును.

ఈ నాలుగు మాటలు దయతో చిత్తగించవలెనని చేతులు జోడించి వేడుకొను,

తమ విధేయుడు,
సమాధానం

ఇంకొక మనవి: లెక్కల జవాబుపత్రం నకలు కావాలంటే దరఖాస్తు మీద విద్యార్థి సంతకం ఉండాలన్నారు. బిడ్డ నోటుపుస్తకాలన్నీ పెట్టెలో బిడ్డతో పాటే పెట్టేసినాము. అప్పుడు తోచలేదు. మగ్దలీనమ్మకు చదవడం రాదు, చేతిరాత అయినా చూసుకొంటానని రోజూ అడుగుతున్నది. దరఖాస్తు నింపి దీనితో జతచేసినాను. సంతకం చోటు ఖాళీగా ఉన్నది. అక్కడ నేనేమి వ్రాయవలెనో తమరే తెలుపగలరు.