లారీ ఇచ్చిన సైడ్

అక్కా,

ఫోన్లో చెప్పలేక రాస్తున్నాను. బావకు ప్రాణభయం లేదు, కాలు విరిగింది.

ఇసుకలో దిగబడకుండా టైర్లలో గాలి తగ్గించడం, పొగమంచులో దూరం ఉంచడం ఇక్కడికొచ్చాక నేనే ఆయనకు నేర్పాను. ముందుపోయే లారీ ఇండికేటర్ వేస్తే మన కడప రోడ్డు మీద "సైడ్ ఇచ్చినా, దాటిపో" అని అర్థం. ఖతర్‌లో మాత్రం తాను తిరుగుతున్నానని. అన్నేళ్ళు లారీ తోలిన మనిషికి ఇండికేటర్ గురించి ఏం చెప్తాంలే అని ఊరుకున్నాను.

అల్ వక్రా దగ్గర బావ దాటబోయాడు, లారీ తిరిగింది.

"సైడ్ ఇచ్చి మల్లా యాల తిప్పినాడ్రా వాడు?" అని మంచం మీంచి ఇంకా అడుగుతున్నాడు. నా చేతికి స్టీరింగ్ ఇచ్చిన రోజున ఆ సైగ నేర్పింది ఆయనే గదక్కా.

నీ తమ్ముడు